పారిశ్రామిక ద్రావణుల ఆవిర్లు: నాడీమండలం, ప్రవర్తనలపై ప్రభావాలు

రంగులు, జిగుళ్లు, రెజిన్లు, నూనెలు కరిగించడానికీ, లోహపు విడిభాగాల మీది జిడ్డు వదిలించడానికీ, ఔషధాల తయారీలో రసాయన చర్యలకు మాధ్యమంగానూ వాడే సేంద్రియ ద్రవాలను పారిశ్రామిక ద్రావణులు అంటారు. వాడుకలో ఇవి సాల్వెంట్లు, థిన్నర్లు. మామూలు ఉష్ణోగ్రతలోనే ఆవిరి కావడం, కొవ్వులో సులువుగా కరగడం వీటిలో ఎక్కువవాటికి ఉమ్మడి లక్షణాలు. పరిశ్రమకు పనికివచ్చే ఈ రెండు గుణాల వల్లే ఇవి ఊపిరితిత్తుల గుండా రక్తంలోకి, అక్కడి నుంచి కొవ్వు పాలు ఎక్కువగా ఉండే మెదడులోకి చేరతాయి.

ఈ ఆవిర్లు పీల్చడం వల్ల నాడీమండలానికి కలిగే హాని రెండు రకాలు. మొదటిది తక్షణ ప్రభావం: తలతిరుగుడు, మత్తు, స్పృహ తప్పడం. దాదాపు అన్ని ద్రావణులూ దీన్ని కలిగిస్తాయి. రెండోది ఏళ్ల తరబడి పీల్చినవారిలో కనిపించే దీర్ఘకాలిక ప్రభావం: జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, స్వభావాల్లో మార్పు, చేతులు కాళ్ల నాడుల దెబ్బ, వినికిడి, రంగుల గుర్తింపు తగ్గడం. ఇది ద్రావణిని బట్టి మారుతుంది. బెంజీన్ వల్ల వచ్చే రక్త క్యాన్సరు, కార్బన్ టెట్రాక్లోరైడ్ వల్ల కాలేయానికి కలిగే హాని వంటివి ఈ వ్యాసం పరిధిలోకి రావు.

వర్గాలు, వాడుక

రసాయన నిర్మాణాన్ని బట్టి ద్రావణులను కొన్ని ప్రధాన వర్గాలుగా విభజిస్తారు.

అలిఫాటిక్ హైడ్రోకార్బన్లు: ఎన్-హెక్సేన్, హెప్టేన్, పెట్రోలియం నుంచి తీసే వైట్ స్పిరిట్. జిగుళ్లలో, రంగులను పలుచన చేయడంలో, తవుడు, పత్తిగింజల నుంచి నూనె తీసే సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ మిల్లుల్లో వాడతారు.

సుగంధ హైడ్రోకార్బన్లు: టాలీన్, జైలీన్, స్టైరీన్. మొదటి రెండూ థిన్నర్లు, వార్నిష్‌లు, ముద్రణ సిరాల్లో ఉంటాయి. స్టైరీన్ ఫైబర్‌గ్లాస్ రెజిన్లలో ద్రావణిగానూ, పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కు ముడిసరుకుగానూ పనిచేస్తుంది.

క్లోరిన్, బ్రోమిన్ కలిసినవి: ట్రైక్లోరోఎథిలీన్, డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఎథిలీన్, రంగు ఊడదీయడానికీ ఔషధ తయారీకీ వాడే డైక్లోరోమీథేన్, 1-బ్రోమోప్రొపేన్.

కీటోన్లు, ఆల్కహాళ్లు: ఎసిటోన్, మిథైల్ ఇథైల్ కీటోన్, మిథైల్ ఎన్-బ్యుటైల్ కీటోన్, మిథనాల్.

కార్బన్ డైసల్ఫైడ్: పై వర్గాల్లో దేనిలోనూ ఇమడదు. ఒకప్పుడు రబ్బరు పరిశ్రమలో, తరువాత విస్కోస్ రేయాన్ తయారీలో ప్రధానంగా వాడుకలోకి వచ్చింది.

బజారులో దొరికే థిన్నర్ సాధారణంగా ఒకే పదార్థం కాదు, పలు ద్రావణుల మిశ్రమం. పాళ్లు తయారీదారును బట్టి, అప్పటి ధరలను బట్టి మారుతుంటాయి. అందువల్ల ఒక కార్మికుడు ఏ ద్రావణిని ఎంత పీల్చాడో తరువాత లెక్కకట్టడం కష్టం.

చరిత్ర

మత్తుమందుల కాలం, హైదరాబాదు కమిషన్లు

ద్రావణుల ఆవిరి మెదడును మత్తులో ముంచగలదన్న సంగతిని మొదట వైద్యం ఉపయోగించుకుంది. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్‌ను, 1847 నవంబరులో ఎడిన్‌బరోలో క్లోరోఫాంను శస్త్రచికిత్సలకు, ప్రసవాలకు ప్రవేశపెట్టారు. క్లోరోఫాం ఇచ్చిన రోగుల్లో కొందరు అకస్మాత్తుగా చనిపోవడంతో, ముందు ఆగేది శ్వాసా గుండా అన్న వివాదం తలెత్తింది. దీన్ని తేల్చడానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో 1888లో, 1889లో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. వీటికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ సారథ్యం వహించాడు. రెండో కమిషన్‌కు లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువులపై విస్తృతంగా ప్రయోగాలు చేసి, శ్వాస ఆగాకే గుండె ఆగుతుందని కమిషన్లు తేల్చాయి. అయితే తేలికపాటి క్లోరోఫాం మత్తులో అడ్రినలిన్ ప్రభావం తోడైతే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. ద్రావణులను కావాలని పీల్చేవారి ఆకస్మిక మరణాలకూ తరువాత ఇదే వివరణ సరిపోయింది (చూ. కావాలని పీల్చడం).

రబ్బరు, కృత్రిమ పట్టు

1846లో అలెగ్జాండర్ పార్క్స్ కనిపెట్టిన పద్ధతిలో వేడి అవసరం లేకుండానే రబ్బరును గట్టిపరచవచ్చు. అందుకు కార్బన్ డైసల్ఫైడ్ కావాలి. పారిస్‌లోని చిన్న రబ్బరు కార్ఖానాల్లో పనిచేసేవారి రుగ్మతలను 1856లో ఒగూస్త్ దెల్పెష్ వర్ణించాడు. తలనొప్పి, ఉద్రేకం, అదుపు లేని కోపం, లైంగిక ఉద్రేకంతో మొదలై, తరువాత మతిమరుపు, విచారం, నపుంసకత్వం, కాళ్ల బలహీనత వచ్చేవి. 1888లో జాన్ మార్టిన్ షార్కో ఇలాంటి రోగి ఒకరిని తన పాఠాల్లో చూపి, దాన్ని హిస్టీరియాగా వివరించాడు. జర్మనీలోని లైప్జిగ్ రబ్బరు కార్మికుల్లో వచ్చిన ఉన్మాదాలపై రుడాల్ఫ్ లౌడెన్‌హైమర్ 1899లో గ్రంథం వెలువరించాడు. బ్రిటన్‌లో కొందరు కార్మికులు మతి చలించి కార్ఖానా పై అంతస్తుల నుంచి దూకేశారని థామస్ ఆలివర్ 1902లో నమోదు చేశాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ రసాయనం కృత్రిమ పట్టు అయిన విస్కోస్ రేయాన్ మిల్లులకు చేరింది. అమెరికాలోని పెన్సిల్వేనియా రేయాన్ కార్మికుల్లో మానసిక రుగ్మతలు, నాడుల దెబ్బ ఏ మేరకు ఉన్నాయో 1938లో ఆలిస్ హామిల్టన్ ఆధ్వర్యంలోని సర్వే వెలికితీసింది. దక్షిణ కొరియాలోని వొంజిన్ రేయాన్ మిల్లు 1960లలో జపాను నుంచి వాడేసిన యంత్రాలు తెచ్చుకుంది. 1980ల చివరి నుంచి అక్కడి కార్మికులు పెద్ద సంఖ్యలో రోగులుగా తేలారు. 1993లో మిల్లు మూతపడింది, యంత్రాలు చైనాకు అమ్ముడుపోయాయి.

జిగురు, ముద్రణ, తుడుపు ద్రవాలు

1960లలో జపానులో ఇళ్లలోనే వినైల్ చెప్పులు కుట్టి అతికించే కుటుంబాల్లో కాళ్లు చేతులు చచ్చుబడడం కనిపించింది. గాలి ఆడని గదుల్లో వాడిన జిగురులోని ఎన్-హెక్సేన్ దీనికి కారణమని తేలింది. 1969లో యామమురా 93 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. 1973లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, ప్లాస్టిక్ పూత వేసిన బట్టపై అచ్చువేసే కర్మాగారంలో 80 మందికి పైగా కార్మికులకు నాడుల వ్యాధి వచ్చింది. అంతకు కొద్ది కాలం ముందే అక్కడ మిథైల్ ఐసోబ్యుటైల్ కీటోన్ బదులు మిథైల్ ఎన్-బ్యుటైల్ కీటోన్ వాడడం మొదలుపెట్టారు. 2009లో చైనాలోని సుజౌలో ఫోన్ల టచ్ తెరలు తుడవడానికి ఆల్కహాల్ స్థానంలో త్వరగా ఆరే ఎన్-హెక్సేన్ వాడగా, 137 మంది కార్మికులు దాని విషప్రభావానికి లోనయ్యారు.

నార్డిక్ దేశాల పరిశోధన

ఫిన్లాండులో మనస్తత్వవేత్త హెలెనా హన్నినెన్ 1971లో కార్బన్ డైసల్ఫైడ్ కార్మికులను, 1976లో సహచరులతో కలిసి కార్లకు రంగు వేసేవారిని మనోవిజ్ఞాన పరీక్షలతో పరిశీలించింది. మామూలు వైద్య పరీక్షలో ఏ లోపమూ కనిపించని కార్మికుల్లోనూ చురుకుదనం, జ్ఞాపకం, చేతి నేర్పు తగ్గినట్టు ఈ పద్ధతిలో బయటపడింది. అదే 1976లో స్వీడన్‌లో ఆక్సెల్సన్ బృందం, మనోనాడీ వైకల్యంతో పెన్షన్ పొందినవారిలో పెయింటర్లు ఊహించినదానికన్నా ఎక్కువగా ఉన్నారని చూపింది. డెన్మార్క్ అధ్యయనాలు కూడా తోడై, పెయింటర్ల సిండ్రోమ్ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. 1985లో కోపెన్‌హాగన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నార్డిక్ మంత్రుల మండలి కలిసి జరిపిన సమావేశం, అదే ఏడాది అమెరికాలోని రాలీలో జరిగిన అంతర్జాతీయ సమావేశం వ్యాధి స్థాయిలను నిర్వచించాయి (చూ. దీర్ఘకాలిక ప్రభావాలు).

శరీరంలో ప్రయాణం

పీల్చిన ఆవిరి ఊపిరితిత్తుల గాలి తిత్తుల నుంచి రక్తంలో కరుగుతుంది. ఎంత కరుగుతుందన్నది ఆ పదార్థపు రక్త-వాయు విభజన నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఈ నిష్పత్తి ఎన్-హెక్సేన్‌కు 2 లోపు, టాలీన్‌కు సుమారు 15, స్టైరీన్‌కు 50కి దగ్గర. నిష్పత్తి ఎక్కువ ఉన్న ద్రావణుల విషయంలో శరీర శ్రమ ప్రభావం పెద్దది. బరువు పనిలో శ్వాస, గుండె వేగం పెరిగి, కూర్చుని పనిచేసేవాడికన్నా రెట్టింపు, అంతకు మించి కూడా ద్రావణి రక్తంలో చేరవచ్చు. ఎండ వేడిలో ద్రవం ఆవిరయ్యే వేగమూ పెరుగుతుంది. కొన్ని ద్రావణులు చర్మం గుండా కూడా లోపలికి వెళ్తాయి. చేతుల రంగును థిన్నర్‌తో కడుక్కునే అలవాటు వల్ల ఈ దారి ముఖ్యమవుతుంది.

రక్తప్రసరణ ఎక్కువగా ఉండే మెదడుకు ద్రావణి నిమిషాల్లో చేరుతుంది. కొవ్వు కణజాలంలోకి నెమ్మదిగా చేరి, అక్కడి నుంచి నెమ్మదిగానే బయటికి వస్తుంది. వారాంతపు సెలవులోనూ పూర్తిగా పోక, వారం పొడవునా కొంత పేరుకుంటుంది.

కాలేయంలోని ఎంజైములు, ముఖ్యంగా సైటోక్రోమ్ పీ450 కుటుంబానికి చెందిన 2ఈ1, ద్రావణులను నీటిలో కరిగే పదార్థాలుగా మారుస్తాయి. టాలీన్ బెంజోయిక్ ఆమ్లంగా మారి, గ్లైసిన్‌తో కలిసి హిప్పూరిక్ ఆమ్లంగా మూత్రంలో పోతుంది. స్టైరీన్ మాండెలిక్ ఆమ్లంగా మారుతుంది. అయితే ఈ మార్పు ప్రతిసారీ విషాన్ని తగ్గించదు. ఎన్-హెక్సేన్ నుంచి పుట్టే 2,5-హెక్సేన్‌డయోన్ అసలు పదార్థం కన్నా నాడులకు ఎక్కువ హానికరం. మిథనాల్ నుంచి వచ్చే ఫార్మిక్ ఆమ్లం కంటి నాడిని దెబ్బతీస్తుంది. డైక్లోరోమీథేన్ శరీరంలో కొంతమేర కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తం ప్రాణవాయువును మోయకుండా అడ్డుకుంటుంది. పని వేళకు దగ్గరలో మద్యం తాగితే రెండూ ఒకే ఎంజైముల కోసం పోటీపడి, ద్రావణి రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది.

నాడీకణాలపై చర్య

ద్రావణులు నాడీకణపు కొవ్వు పొరలో కరిగి దాని పనిని మందగింపజేస్తాయన్నది మేయర్, ఓవర్టన్‌ల నుంచి వచ్చిన పాత వివరణ. ఒక పదార్థం కొవ్వులో ఎంత బాగా కరిగితే అంత బలమైన మత్తు ఇస్తుందని వారు పందొమ్మిదో శతాబ్దం చివరలో గమనించారు. ఇప్పటి పరిశోధన పొరలోని ప్రోటీన్ గ్రాహకాలపై దృష్టి పెట్టింది. టాలీన్ వంటివి మెదడును ఉత్తేజపరిచే గ్లుటమేట్ గ్రాహకాల్లో ఎన్‌ఎండీఏ రకాన్ని అణచివేస్తాయి, నెమ్మదింపజేసే గాబా, గ్లైసిన్ గ్రాహకాల పనిని పెంచుతాయి. మద్యం చర్య కూడా ఇలాంటిదే కావడంతో రెండింటి మత్తులో పోలికలున్నాయి. తృప్తి, అలవాట్లకు సంబంధించిన డోపమిన్ మార్గాన్నీ టాలీన్ ఉత్తేజపరుస్తుంది. వ్యసనానికి ఇది ఒక ఆధారం.

దీర్ఘకాలిక హాని యంత్రాంగాలు వేరు. 2,5-హెక్సేన్‌డయోన్ నాడీతంతువు లోపలి ప్రోటీన్లలోని లైసిన్ భాగాలతో చర్య జరిపి పైరోల్ వలయాలు ఏర్పరుస్తుంది, ప్రోటీన్ పోగులను ఒకదానితో ఒకటి బిగిస్తుంది. పోగులు ముందుకు కదలలేక తంతువు అక్కడక్కడ ఉబ్బి, చివరి భాగం క్షీణిస్తుంది. పొడవైన తంతువులు ముందు దెబ్బతింటాయి కాబట్టి లక్షణాలు పాదాల నుంచి మొదలవుతాయి. మిథైల్ ఎన్-బ్యుటైల్ కీటోన్ కూడా ఇదే డైకీటోన్‌గా (2,5-హెక్సేన్‌డయోన్‌గా) మారుతుంది. మిథైల్ ఇథైల్ కీటోన్ ఒంటరిగా ఈ వ్యాధి కలిగించదు గానీ, హెక్సేన్‌తో కలిస్తే దాని విషాన్ని పెంచుతుంది. కార్బన్ డైసల్ఫైడ్ కూడా ప్రోటీన్ పోగులను బిగిస్తుంది. దాని ఉత్పన్నాలు రాగిని పట్టుకుని, డోపమిన్‌ను నార్‌అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమును అడ్డుకోవడం మానసిక లక్షణాలకు కారణం కావచ్చని భావిస్తారు.

తక్షణ ప్రభావాలు

మోతాదు పెరిగేకొద్దీ లక్షణాలు ఒక క్రమంలో వస్తాయి. మొదట కళ్లు, గొంతు మంట, తలనొప్పి, తల దిమ్ము, వికారం. కొందరిలో హుషారు, ఎక్కువగా మాట్లాడడం, ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోవడం కనిపిస్తాయి. తరువాత ప్రతిస్పందన మందగించి, మాట ముద్దగా వచ్చి, నడక తూలుతుంది. ఇంకా పెరిగితే మగత, స్పృహ తప్పడం, మూర్ఛలు, శ్వాస ఆగడం జరుగుతాయి. పైస్థాయికి చేరకముందే, ఎత్తున నిలబడి పనిచేసేవారికీ యంత్రాల దగ్గర ఉండేవారికీ నిర్ణయంలో వచ్చే చిన్న ఆలస్యం ప్రమాదకరం కావచ్చు.

ట్యాంకులు, రియాక్టర్లు, మ్యాన్‌హోళ్ల వంటి మూసిన చోట్ల ఆవిరి గాలికన్నా బరువై అడుగున నిలుస్తుంది. దిగినవాడు పడిపోతే, కాపాడబోయినవాడూ పడిపోవడం ఇలాంటి ప్రమాదాల్లో తరచూ కనిపిస్తుంది. వాసన నమ్మదగిన హెచ్చరిక కాదు. కొంతసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడుతుంది.

దీర్ఘకాలిక ప్రభావాలు

విష ఎన్‌సెఫలోపతి

ఏళ్ల తరబడి, చాలా అధ్యయనాల్లో పదేళ్లకు పైగా, ద్రావణి మిశ్రమాలు పీల్చినవారిలో వచ్చే మెదడు రుగ్మతను దీర్ఘకాలిక ద్రావణి ఎన్‌సెఫలోపతి అంటారు. 1985 నాటి రాలీ వర్గీకరణలో దీని స్థాయిలు ఇవి.

మొదటి రకం: అలసట, చికాకు, మతిమరుపు వంటి ఫిర్యాదులు మాత్రమే ఉంటాయి. పరీక్షల్లో లోపం కనిపించదు.

2ఏ రకం: స్వభావం, మనఃస్థితిలో నిలిచిపోయే మార్పు వస్తుంది.

2బీ రకం: ఏకాగ్రత, జ్ఞాపకం, నేర్చుకునే శక్తి తగ్గినట్టు పరీక్షల్లో తేలుతుంది.

మూడో రకం: రోజువారీ జీవనాన్ని కుంటుపరిచే మతిభ్రంశం. వృత్తిలో పీల్చేవారిలో ఇది అరుదు.

ప్రవర్తనలో మార్పులు

రోగి కన్నా ముందు ఇంటివాళ్లు గమనించేవి ఇవే: చిన్న విషయానికి కోపం, ఉత్సాహం పోవడం, నలుగురితో కలవకపోవడం, విచారం, నిద్ర చెడడం, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేయడం. వీటిలో ప్రతి ఒక్కటీ కుంగుబాటులో, మద్యపానంలో, మామూలు ఒత్తిడిలోనూ కనిపించేదే. అందుకే ఒక్క లక్షణంతో నిర్ధారణకు రారు. కార్బన్ డైసల్ఫైడ్ మాత్రం అధిక మోతాదుల్లో ఉన్మాదం, భ్రాంతులు కలిగించిన చరిత్ర ఉన్న ద్రావణి.

నాడులు, ఇంద్రియాలు

ఎన్-హెక్సేన్, మిథైల్ ఎన్-బ్యుటైల్ కీటోన్, కార్బన్ డైసల్ఫైడ్, 1-బ్రోమోప్రొపేన్ చేతులు కాళ్లకు వెళ్లే నాడులను దెబ్బతీస్తాయి. చేజోళ్లు, మేజోళ్లు తొడుక్కునే మేర తిమ్మిరి వ్యాపించి, తరువాత కండరాలు బలహీనమవుతాయి. ట్రైక్లోరోఎథిలీన్ ముఖంలోని త్రిశాఖ నాడిని మొద్దుబారుస్తుంది. 1915లో జర్మనీలో ఇది గమనించాక ముఖపు నాడీ నొప్పికి దీన్ని మందుగానూ వాడారు.

టాలీన్, స్టైరీన్ వినికిడిని తగ్గిస్తాయి. యంత్రాల రొద తోడైతే హాని ఎక్కువవుతుంది. 2003 నాటి యూరోపియన్ శబ్ద ఆదేశం ఈ ఉమ్మడి ప్రమాదాన్ని అంచనా వేయాలని యజమానులను కోరింది. రంగుల గుర్తింపులో, ముఖ్యంగా నీలం-పసుపు తేడాలో, సూక్ష్మ లోపాలు వస్తాయి. వాసన పసిగట్టే శక్తి కూడా తగ్గవచ్చు.

కదలికల రుగ్మతలు

కార్బన్ డైసల్ఫైడ్ కార్మికుల్లో పార్కిన్‌సన్ వ్యాధిని పోలిన లక్షణాలు చాలాకాలంగా తెలిసినవే. ట్రైక్లోరోఎథిలీన్ విషయంలో ఆధారాలు కొత్తవి. అమెరికాలోని క్యాంప్ లెజూన్ సైనిక స్థావరంలో ఈ రసాయనంతో నీరు కలుషితమైన కాలంలో నివసించిన మాజీ సైనికుల్లో పార్కిన్‌సన్ ముప్పు, కలుషితం కాని స్థావరంలోని వారికన్నా 70 శాతం ఎక్కువని 2023లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

కావాలని పీల్చడం

మత్తు కోసం జిగురు, థిన్నర్, వైట్నర్, పెట్రోలు పీల్చేవారు పరిశ్రమ గాలిలో ఉండే మోతాదుకు ఎన్నో రెట్లు తీసుకుంటారు. మత్తు క్షణాల్లో వచ్చి కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది కాబట్టి పదే పదే పీలుస్తారు. ఏళ్లు గడిస్తే టాలీన్ మెదడులోని తెల్ల పదార్థాన్ని క్షీణింపజేస్తుంది. మతిభ్రంశం, తూలే నడక, కనుగుడ్ల వణుకు దీని ప్రధాన లక్షణాలు. అధిక టాలీన్ మూత్రపిండాలను దెబ్బతీసి రక్తంలో పొటాషియంను పడగొట్టడంతో కండరాలు అకస్మాత్తుగా చచ్చుబడవచ్చు. గర్భిణులు పీలిస్తే పుట్టే బిడ్డల్లో మద్యం వల్ల వచ్చేలాంటి ఎదుగుదల లోపాలు కనిపించాయి.

పీల్చిన వెంటనే పరుగెత్తడం, భయపడడం వల్ల అడ్రినలిన్ పెరిగి గుండె లయ తప్పుతుంది. అమెరికాలో మిల్లార్డ్ బాస్ 1970లో ఇలాంటి 110 ఆకస్మిక మరణాలను వర్ణించాడు. తొలిసారి పీల్చినవారికీ ఈ ప్రమాదం ఉంది.

భారతదేశంలో మత్తు పదార్థాల వాడకంపై 2019లో వెలువడిన జాతీయ సర్వేలో పీల్చే మత్తుల వాడకం పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు వర్గం ఇదొక్కటే. రైల్వే స్టేషన్ల దగ్గర, వీధుల్లో బతికే పిల్లలకు ఇవి చవకగా దొరకడం, అమ్మకంపై అదుపు తక్కువ కావడం కారణాలు. సీసాల్లో వైట్నర్ చిల్లర అమ్మకాన్ని 2012లో కేంద్రం నిషేధించింది.

నిర్ధారణ

పని చరిత్రే నిర్ధారణకు మొదటి ఆధారం: ఏ పదార్థం, ఎన్నేళ్లు, గదిలో గాలి ఎలా ఆడేది, మాస్కు ఉందా, పని తరువాత మత్తుగా ఉండేదా, సెలవుల్లో తగ్గేదా. ఫిర్యాదులను క్రమపద్ధతిలో సేకరించడానికి స్వీడన్‌లో తయారైన 16 ప్రశ్నల క్యూ16 పట్టిక విస్తృతంగా వాడుకలో ఉంది. మనోనాడీ పరీక్షల్లో అంకెలు విని తిరిగి చెప్పడం, అంకెలకు గుర్తులు జతచేయడం, చూసిన బొమ్మను గుర్తుపట్టడం, ప్రతిస్పందన వేగం, చేతి నేర్పు కొలుస్తారు. వివిధ దేశాల్లో పోల్చదగిన ఫలితాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ఏడు పరీక్షల ప్రామాణిక సంపుటిని రూపొందించింది. చదువు, భాష, వయసు ఈ ఫలితాలను ప్రభావితం చేస్తాయి కాబట్టి ఒక దేశపు ప్రమాణాలను మరో దేశంలో నేరుగా వాడరు.

చేతులు కాళ్ల నాడుల దెబ్బను నాడీ ప్రసార వేగ పరీక్ష పట్టిస్తుంది. టాలీన్ వ్యసనపరుల్లో ఎమ్మారై స్కాన్ తెల్ల పదార్థపు మార్పులు చూపుతుంది. కార్మికుల్లో మాత్రం స్కాన్ తరచుగా మామూలుగానే ఉంటుంది. రక్త, మూత్ర పరీక్షలు ఇటీవలి రోజుల్లో పీల్చినదాన్ని మాత్రమే తెలుపుతాయి, పాత సంవత్సరాల లెక్క చెప్పవు. నిల్వ పానీయాల్లోని బెంజోయేట్ వల్ల కూడా హిప్పూరిక్ ఆమ్లం పెరుగుతుంది కాబట్టి, తక్కువ మోతాదుల్లో టాలీన్‌ను తెలుసుకోవడానికి మూత్రంలోని ఆర్థో-క్రెసాల్‌ను, టాలీన్‌నే నేరుగా కొలుస్తున్నారు.

చికిత్స, తరువాతి గతి

స్పృహ తప్పినవారిని స్వచ్ఛమైన గాలిలోకి తెచ్చి, శ్వాసకు ఊతమివ్వడం ప్రథమ చికిత్స. కాపాడేవారు స్వతంత్ర శ్వాస పరికరం లేకుండా మూసిన చోటికి దిగకూడదు. మిథనాల్‌కు ఇథనాల్ లేదా ఫోమెపిజోల్, డయాలిసిస్ వంటి ప్రత్యేక చికిత్సలున్నాయి. చాలా ద్రావణులకు విరుగుడు లేదు.

దీర్ఘకాలిక వ్యాధిలో ప్రధాన చర్య పీల్చడం ఆపడమే. ఎన్-హెక్సేన్ వల్ల వచ్చిన బలహీనత పని మానేశాక కూడా కొన్ని నెలలు ముదిరి, తరువాత నెమ్మదిగా తగ్గుతుంది. తీవ్రంగా దెబ్బతిన్నవారిలో నాడులు కోలుకున్నాక, వెన్నుపాము దారుల హాని వల్ల కాళ్లు బిగుసుకోవడం బయటపడవచ్చు. ఎన్‌సెఫలోపతి సాధారణంగా పీల్చడం మానేశాక ముదరదు, కానీ పూర్తిగా నయమవడమూ తక్కువ.

పరిమితులు, నివారణ

పని గాలిలో ఎనిమిది గంటల సగటు పరిమితిని పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు అని పీపీఎంలో చెబుతారు. భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టానికి 1987 సవరణ జోడించిన రెండో షెడ్యూలు ప్రకారం టాలీన్, జైలీన్‌లకు 100, ట్రైక్లోరోఎథిలీన్, స్టైరీన్‌లకు 50, కార్బన్ డైసల్ఫైడ్‌కు 10 పీపీఎం పరిమితులుగా నిర్ణయించారు. అమెరికన్ పారిశ్రామిక పరిశుభ్రతా నిపుణుల సంఘం సూచించే విలువలు ఇంకా తక్కువ: టాలీన్‌కు 20, కార్బన్ డైసల్ఫైడ్‌కు 1. మిశ్రమాల విషయంలో ఒక్కో ద్రావణి సాంద్రతను దాని పరిమితితో భాగించి, అన్నీ కూడినప్పుడు మొత్తం 1 దాటకూడదని నియమం. ఒక్కొక్కటి పరిమితి లోపలే ఉన్నా మొత్తం దాటిపోవచ్చు.

నివారణలో ప్రాధాన్యక్రమం ఇది: ద్రావణిని మానేయడం లేదా మార్చడం, యంత్రాన్ని మూసి ఉంచడం, ఆవిరి పుట్టేచోటే పీల్చివేసే గొట్టాలు, పని వేళల మార్పు, చివరగా మాస్కులు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు. ఇందుకు బొగ్గు వడపోత ఉన్న మాస్కు కావాలి, వడపోతను గడువులోగా మార్చాలి. భవనాల లోపల వృత్తి పెయింటర్లు ద్రావణి తక్కువ ఉన్న రంగులే వాడాలని నెదర్లాండ్స్ 2000 నుంచి నిర్దేశించింది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2024లో డైక్లోరోమీథేన్ వాడకాల్లో చాలావాటినీ, ట్రైక్లోరోఎథిలీన్‌నూ నిషేధిస్తూ నియమాలు వెలువరించింది.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాదు చుట్టూ పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, పాశమైలారం, విశాఖపట్నం దగ్గర పరవాడ ప్రాంతాల్లోని ఔషధ పరిశ్రమలు టాలీన్, మిథనాల్, డైక్లోరోమీథేన్ వంటివి పెద్ద మొత్తాల్లో వాడతాయి. నూనె మిల్లులు, ఫర్నిచర్ పాలిష్, వాహనాల డెంటింగ్-పెయింటింగ్ షెడ్లు, ముద్రణాలయాలు, చెప్పుల తయారీ ఇతర రంగాలు. షెడ్లు, చిన్న దుకాణాల వంటి అసంఘటిత పనిచోట్ల గాలి కొలతలు, కార్మికుల వైద్య పరీక్షలు అరుదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి వెలువడింది. లాక్‌డౌన్‌లో ఆగిన కర్మాగారంలో నిల్వ ఉన్న స్టైరీన్ తనంతట తాను పాలిమరీకరణ చెంది వేడిని పుట్టించడం కారణం. నిద్రలోంచి లేచి పరుగెత్తినవారు వీధుల్లోనే స్పృహ తప్పి పడిపోయారు. 12 మంది మరణించగా, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఒక ద్రావణి ఆవిరి నాడీమండలంపై చూపే తక్షణ ప్రభావం కర్మాగారం గోడలు దాటి జనావాసాన్ని తాకిన ఘటనగా ఇది నమోదైంది.

వృత్తి వ్యాధుల విషయంలో ఫ్యాక్టరీల చట్టపు మూడో షెడ్యూలు కార్బన్ డైసల్ఫైడ్, బెంజీన్ విషప్రభావాలను ప్రభుత్వానికి తెలపవలసిన జబ్బులుగా పేర్కొంది. ఈ చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో విలీనం చేశారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ రంగంలో పరిశోధన చేస్తుంది.

వివాదాంశాలు

అధిక మోతాదుల్లో హాని గురించి భేదాభిప్రాయం లేదు. తక్కువ మోతాదుల్లో, దీర్ఘకాలం పీల్చడం వల్ల శాశ్వత మెదడు వ్యాధి వస్తుందా అన్నది చర్చనీయాంశం. నార్డిక్ దేశాలు, నెదర్లాండ్స్ ఈ వ్యాధిని గుర్తించి పరిహారం చెల్లించాయి. బ్రిటన్, అమెరికాల్లో చాలామంది నిపుణులు సందేహం వ్యక్తం చేశారు. మద్యపానం, చదువులో తేడాలు, పరిహారపు ఆశ ఫలితాలను ప్రభావితం చేశాయని, కొన్ని తొలి అధ్యయనాల్లో పోలిక గుంపులు సరిగా కుదరలేదని వారి వాదన. ఫ్రాన్స్ విద్యుత్తు, గ్యాస్ సంస్థ విశ్రాంత ఉద్యోగులపై 2014లో వచ్చిన అధ్యయనం, ఎక్కువగా ద్రావణులు పీల్చినవారిలో పని మానేసిన దశాబ్దాల తరువాత కూడా పరీక్షల్లో లోపాలు నిలిచాయని చూపి, మొదటి పక్షానికి బలమిచ్చింది.

రెండో చర్చ ప్రత్యామ్నాయాల గురించి. ఒహాయోలో మార్చిన కీటోన్, సుజౌలో ఆల్కహాల్ స్థానంలో వచ్చిన హెక్సేన్, కాలిఫోర్నియా మోటారు మెకానిక్కులకు నాడుల వ్యాధి తెచ్చిన హెక్సేన్ బ్రేక్ క్లీనర్లు, ఓజోన్ పొరకు హాని చేసే ద్రావణుల బదులు వచ్చిన 1-బ్రోమోప్రొపేన్, ఇవన్నీ ధర, ఆరే వేగం లేదా మరో నియమం కోసం చేసిన మార్పులు. నాడీమండలంపై ప్రభావాన్ని ముందుగా పట్టించుకోకుండానే వాడుకలోకి వచ్చాయి. ఆ హాని కార్మికుల్లో బయటపడింది. ఒకే రసాయన కుటుంబానికి చెందినంత మాత్రాన రెండు ద్రావణుల విషం ఒకటి కాదు. మిథైల్ ఐసోబ్యుటైల్ కీటోన్‌కూ మిథైల్ ఎన్-బ్యుటైల్ కీటోన్‌కూ తేడా కార్బన్ గొలుసు అమరికలో మాత్రమే. ఆ అమరికే శరీరంలో హానికర డైకీటోన్ పుడుతుందా లేదా అన్నది నిర్ణయిస్తుంది. అందువల్ల కొత్త ద్రావణిని ఎంచుకునేటప్పుడు పాత పరిమితులను పోలికతో అన్వయించడం కాక, శరీరంలో అది ఏ పదార్థంగా మారుతుందో ముందే పరిశీలించడం నాడీ విషశాస్త్రంలో ప్రధాన సూత్రంగా స్థిరపడింది.